పుట్టిన పిల్లల బండి

మా బిడ్డకు ఇయ్యాలటికి ఇరవై రెండు రోజులు. మొయినాబాద్‌ల మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే మడిస్తే ఒక్క చేత్తోని మోసేటంత తేలికైన పిల్లల బండి కావాలనుకున్న. ఆఫీసుల దోస్తులు సిటీల పెద్ద షాపుకు పొమ్మన్నరు. నేనే వినకుండ పొద్దుగాల చేవెళ్లకు పోయిన. అక్కడ సామాన్ల దుకాణం నడిపే అన్న నాకు చిన్నప్పటి సంది ఎరుక. నా పెండ్లి సామాన్లు కూడ ఆయన దగ్గరనే కొన్నం.

"అన్నా, అప్పుడే పుట్టిన పిల్లలకు పనికొస్తదా?" అని రెండుసార్లు అడిగిన.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నేనున్న గద" అన్నడు.

బండి కొని ఇంటికొచ్చి బిడ్డను అండ్ల పండబెట్టిన. సీటు సగం వరకే వాలింది. బిడ్డ తల ముందుకు వంగి, గదుమ ఛాతీకి ఆనింది. ఊపిరి ఆడదేమోనని దబ్బున ఎత్తుకున్న. డబ్బా మీద ధర చీటీ గీకి చూస్తే, కింద 'ఆరు నెలలు నిండినవారికి' అని ఉన్నది.

బిడ్డను అమ్మకిచ్చి, మా ఆయనను తీస్కొని మళ్ల పోయిన.

"పుట్టిన పిల్లలకని అడిగిన కదన్నా?"

"పుట్టిన పిల్లలకే గదమ్మా! పుట్టనోళ్లకు ఎవరన్న కొంటరా?"

దుకాణంల ఉన్నోళ్లంత నవ్విండ్రు. అందరికంటే గట్టిగ నవ్వింది మా ఆయన.

దుకాణం అన్న బండి వాపస్ తీసుకున్నడు గని, నా మొఖం దిక్కు చూడలే. ఇంటికొచ్చినం. ఇప్పుడు మా ఆయన ఛాయ్ పెట్టి తెచ్చి, "జోకు మాత్రం మంచిగున్నదే" అంటున్నడు.

మీరే చెప్పుండ్రి, ముందుగాల ఎవలతోని మాటలు బంద్ చెయ్యాలె?