అరచేతి చాటు ముద్దు

రష్యాలో వ్యాత్కా నది ఒడ్డున ఉన్న ఒక కర్మాగారం క్లబ్బులో సినిమా యంత్రం నడిపే తైసియా యెగొరొవ్నాకు ఆ పని ఎవరూ నేర్పలేదు. యుద్ధం రోజుల్లో ఆపరేటర్ సైన్యంలోకి వెళ్లిపోతే, అప్పుడు చిన్నపిల్లగా ఉన్న ఆమె యంత్రాన్ని విప్పి, బిగించి, వేళ్లు కాల్చుకుని తనే నేర్చుకుంది. తెగిన రీలును ఆమె అతికిస్తే అతుకు కనబడేది కాదు.

పిల్లల కోసం వేసే సినిమా ఆటల్లో ఒక ఆనవాయితీ ఉండేది. తెర మీద ముద్దు వచ్చే సమయానికి ఆపరేటర్ యంత్రం కటకానికి అరచెయ్యి అడ్డం పెట్టాలి. ఎవరో అంత కష్టపడి తీసిన బొమ్మను ఇలా చీకటి చేయడమేమిటని తైసియా గొణిగేది. గొణుగుతూనే పెట్టేది.

ఆ ఆదివారం కొత్త హాస్యచిత్రం వచ్చింది. తొమ్మిదో తరగతి కుర్రాడు తోటి పిల్లను ప్రేమించి, చెప్పలేక ఊరంతా నవ్వులపాలయ్యే కథ. రీళ్లు ఆలస్యంగా చేరాయి. ముందుగా వేసి చూసుకునే వీలు లేకపోయింది. బడిలో పెద్ద పంతులమ్మ కపితోలీనా మార్కొవ్నా యంత్రం గదిలోకే వచ్చి నిలబడింది. చివర్లో ముద్దుందని విన్నాననీ, అది పిల్లల కంట పడకూడదనీ చెప్పింది.

ఆ ఘట్టం రాగానే తైసియా చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి బొమ్మను ఆపుతుంది గానీ శబ్దాన్ని ఆపదు. మిగతా సినిమాల్లో ముద్దు దగ్గర సంగీతం మోగేది. ఇందులో అది లేదు. చీకట్లో సైకిలు పడిన చప్పుడు, ఆ పిల్ల కిసుక్కున నవ్వడం, ఆ తర్వాత నిశ్శబ్దం. హాలు గొల్లుమంది. ఈలలు మొదలయ్యాయి.

"ఒరేయ్, ఆ చీకట్లో ఏం జరుగుతోందో తైసియా అత్తనడగండ్రా" అని వెనక వరసలోంచి ఒకడన్నాడు.

"నువ్వు చూస్తే జడుసుకుంటావని దాచిందిలే" అన్నాడు ఇంకొకడు.

ఆడపిల్లలు తలలు దించుకున్నారు. తైసియాకు ఒళ్లు మండిపోయింది. యంత్రం ఆపి, రీలు వెనక్కి తిప్పసాగింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అంది పంతులమ్మ.

"మళ్లీ వేస్తున్నానమ్మా."

"నేను పైవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, తైసియా యెగొరొవ్నా."

"చెప్పుకోండి. తెర మీది ఆ ఇద్దర్నీ దొంగల్లా దాచింది మనమేగా. పక్కకు జరగండి."

ఈసారి హాలంతా చూసింది. సైకిలు పడింది, పిల్ల నవ్వింది, కుర్రాడు బుగ్గ మీద పెట్టబోయి కంగారులో ఆమె చెవి మీద ముద్దు పెట్టి, తప్పు దారిన పరుగెత్తాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఒక్క ఈల కూడా వినబడలేదు.

మరుసటి వారం నుంచి పిల్లల ఆటలు వేరొకరికి అప్పగించారు. ఆదివారం మధ్యాహ్నాల్లో క్లబ్బు ముందు నుంచి పోతుంటే లోపల మళ్లీ ఆ ఈలలే వినబడేవి తైసియాకు. పళ్లు కొరుక్కుంటూ అడుగు వేగం పెంచేది.