సొంత తలుపు తట్టే మనిషి

టక్, టక్. కాస్త ఆగి, టక్.

ఆ తర్వాతే మనిషి. ఎలీవర్ అంగూలో అనే అతను తన ఇంటి తలుపును తనే తట్టేవాడు, తాళంచెవి జేబులో ఉండగానే. "నేను, ఎలీవర్‌ని. ఒక్కణ్ణే. చేతిలో రొట్టె తప్ప ఏమీ లేదు," అని ప్రకటించి, లోపల్నుంచి భార్య ఫ్లొరాల్బా "రా లోపలికి" అనేదాకా మెట్ల మీద కొంగలా నిలబడేవాడు.

కొలంబియా తీరంలోని తుమాకో నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని, సరిహద్దు దాటి, పక్క దేశంలో కొండల మీది కీతో నగరానికి వచ్చి మూడేళ్ళు. వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. పై వాటా తర్హేలియా కిటికీలోంచి తల బయటపెట్టేది. "ఏమయ్యా, పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇంకా పెళ్ళిచూపులేనా?"

వడ్రంగి మేస్త్రీ సెగుండో షెడ్డులో అతని పని తలుపులు చెయ్యడం. గోడే లేని చోట, రెండు బల్లల మధ్య నిలబెట్టిన కొత్త తలుపును కూడా తట్టి, చెవి ఒగ్గి ఆగేవాడు.

"అవతల ఎవరున్నారయ్యా?" అని తిట్టేవాడు సెగుండో.

"ఇప్పటికి ఎవరూ లేరు మేస్త్రీ. రేపు ఉంటారుగా."

శరణార్థులకు కాగితాలిచ్చే ఆఫీసులోనూ తట్టాడు. "చేతిలో దరఖాస్తు తప్ప ఏమీ లేదండీ," అన్నాడు. "బయట ఉండు," అన్నారు. మూడేళ్ళుగా అదే మాట.

పద్నాలుగేళ్ళ కూతురు యర్లీడిస్‌కు తల కొట్టేసినట్టుండేది. ఒక మధ్యాహ్నం బడి నుంచి తండ్రితో వస్తుంటే వడగళ్ళు పడ్డాయి. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. అతను చెయ్యెత్తేలోపే, "చలికి చచ్చిపోతున్నాను నాన్నా!" అంటూ జేబులోంచి తాళంచెవి లాక్కుని, తలుపు తీసి ఒక్క తోపు తోసింది.

పొయ్యి మీద అరటికాయ మాడుతోంది. అమ్మ బల్ల కింద ఉంది. మోకాళ్ళు గుండెకు అదుముకుని, గరిటె ఇంకా చేతిలోనే. ఆమె కళ్ళు కూతుర్ని చూస్తున్నాయి, గుర్తుపట్టడం లేదు.

తుమాకోలో అమ్మ కళ్ళముందే మామయ్యను పట్టుకుపోయింది ఇలాంటి భోజనాల వేళే. తుపాకులతో వచ్చినవాళ్ళు తలుపు తట్టలేదు. యర్లీడిస్ అప్పుడు బళ్ళో ఉంది. ఆనాటి చప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలిసింది, తన చేతుల్లోంచే.

ఎలీవర్ కూతుర్ని భుజం పట్టి వెనక్కి లాగి, తలుపు మెల్లగా మూశాడు. ఆకాశం ఇంకా వాళ్ళ నెత్తిన గులకరాళ్ళు పోస్తూనే ఉంది.

టక్, టక్. కాస్త ఆగి, టక్.

"నేను, ఎలీవర్‌ని. పిల్ల కూడా ఉంది. చేతిలో చేప తప్ప ఏమీ లేదు."

చాలాసేపటికి, బల్ల కింద నుంచి, సన్నగా: "ఏం చేప?"

"ఈ కొండలవాళ్ళు చేప అని చెప్పి అమ్మేది."

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. "రా లోపలికి. పొలుసులు మాత్రం బయటే గీకెయ్యి."

మెట్ల మీద కూర్చుని పొలుసులు గీకుతున్న తండ్రి పక్కన యర్లీడిస్ చతికిలబడింది. "అమ్మకు భయం పోయాక అయినా మానేస్తావా నాన్నా?"

ఎలీవర్ టోపీ మీది వడగళ్ళు దులుపుకున్నాడు.

"ఎందుకే మానడం? ఈ దేశంలో నన్ను లోపలికి రమ్మనేది మీ అమ్మ ఒక్కతే."