దిద్దని ప్రతి

మా ముత్తాతగారు జూలూరుపాడు చుట్టూ పదకొండు ఊళ్ల శిస్తు లెక్కలు చూసే దేశ్‌పాండ్యా. ఆయన గుర్రం వస్తుంటే ఎడ్లబండ్లు దారి దిగి నిలబడేవట. తాతగారు ఆ ఊళ్లను ఒక్కొక్కటిగా పోగొట్టుకున్నారు గాని, ఇంటికి వచ్చిన విద్వాంసుడికి వెండి పళ్లెంలో తప్ప భోజనం పెట్టలేదు. నాన్నగారు మిగిలిన చెలక భూములు అమ్మి, అచ్చుయంత్రం కొని, సంగీత మాసపత్రిక పెట్టారు. కీర్తన గాని, భజన గాని, చర్చి పాట గాని, సాహిత్యం కింద స్వరాలతో అచ్చయ్యేది. హార్మోనియం ఉన్న ఇళ్లకు మా పత్రిక వెళ్లేది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా మేము తప్పొప్పుల పట్టిక వేయలేదు. ఊళ్లు పోయాక మాకు మిగిలిన పరువు అదొక్కటే.

ఆ పరువు సీసం అక్షరాలు పేర్చే మా కంపోజిటర్ చేతుల్లో ఉండేది. నాకంటే పెద్దవాడు, అయినా ఏకవచనంతోనే పిలిచేవాణ్ణి. పై స్థాయి స్వరానికి అక్షరం మీద చుక్క ఉండాలి, కింది స్థాయి స్వరానికి అడుగున చుక్క ఉండాలి. అంత చిన్న చుక్కలు ఎక్కడా దొరకవు. ఫుల్‌స్టాపులను ఆకురాయితో సగానికి అరగదీసి, శ్వాస బిగబట్టి ఇరికించేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తన చర్చి గేటు దగ్గర నిలబడి పత్రిక అమ్మిపెట్టేవాడు కూడా.

ఊరూరా సెల్‌ఫోన్లు వచ్చిన రోజుల్లో అమ్మకాలు పడిపోయాయి. కొత్తగూడెం బస్టాండులో పుస్తకాల దుకాణానికి వెళితే, మా పత్రిక ఉండే చోట రీచార్జి కార్డులు వేలాడుతున్నాయి. ఆ పక్కన సీడీలు. దుకాణదారు మా కట్ట తాడు విప్పకుండానే నా ముందు పెట్టాడు.

"పాటను ఎవలన్న సదువుతరా దొరా? వింటరు గాని. పల్లికాయల మీద పుస్తకం రాస్తే కడుపు నిండుతదా?"

"మా నాన్నగారు వస్తే మీ నాన్న లేచి నిలబడేవాడు," అన్నాను.

"అవ్ దొరా. గప్పుడు ఆయనకు కూసునేటందుకు స్టూలు లేకుండె."

అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. కట్ట నేనే మోసుకొచ్చాను.

ఆ చలికాలంలోనే పొలం పహాణీకి నకలు తీయించడానికి జిరాక్సు షాపుకు వెళ్లాను. మిషను లోంచి మా పత్రిక పేజీ వరసగా బయటికి వస్తోంది. పైన పత్రిక పేరున్న చోట తెల్లకాగితం ముక్క అడ్డం పెట్టారు.

"ఎవరివివి?"

"చర్చోళ్లయి దొరా. నెలనెలా తీసుకపోతరు. ఒక్క బుక్కు కొంటరు, పాటల గుంపుకంత గిట్ల ఇస్తరు."

జిరాక్సు తీసినందుకు కాదు, మా పేరు మీద కాగితం కప్పినందుకు ఒళ్లు మండింది. ప్రెస్సుకు వచ్చి కంపోజిటర్‌ను అడిగాను. "ఇది నీకు తెలుసా?"

"అవ్ దొరా. కూలీల పిల్లలు. ఒక్కొక్కలు ఒక్కో బుక్కు యాడ కొంటరు? పాడనియ్యుండ్రి."

ఆ ఏడు పినపాక నుంచి ఒక చర్చి పంతులు ఈస్టర్‌కు కొత్త పాట కట్టి పంపారు. మూడో చరణంలో గొంతు ఒక్కసారిగా పైకి లేవాలి. ఆ వరస చుక్కలన్నీ నేను స్వరాల అడుగున పెట్టి రాసి ఇచ్చాను. కంపోజిటర్ కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"దొరా, గీ చుక్కలు మీదికి రావాలె గదా?"

"రాసింది పెట్టు."

పెట్టాడు. అచ్చయ్యాక చందాదారుల ప్రతులన్నిటినీ ముందేసుకుని, రెండు రోజులు కూర్చుని ఎర్ర సిరాతో నేనే దిద్దాను. వాడి చర్చికి వెళ్లే ఒక్క ప్రతి మాత్రం దిద్దలేదు. కాగితం చుట్టి, అంటించి, వాడి చేతికే ఇచ్చాను.

"అన్ని దిద్దిన్రా దొరా?"

"దిద్దాను."

టేకులపల్లిలో ఈస్టర్ సభ. చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి చేసేది. పత్రిక సంపాదకుణ్ణని ముందు వరసలో కుర్చీ వేశారు. మా ఊరి గుంపు, బొగ్గుగనుల కాలనీ గుంపు కలిసి ఆ పాట పాడాలి. కాలనీ పిల్లలు పంతులు చేయించిన సీడీ విని నేర్చుకున్నారు. మా ఊరి పిల్లలు జిరాక్సు కాగితాలు చూసి నేర్చుకున్నారు. రెండు చరణాలు బాగానే నడిచాయి. మూడోది మొదలుకాగానే కాలనీ వాళ్ల గొంతులు పైకి లేచాయి, మా వాళ్లవి గోతిలోకి దిగాయి. ఎవరూ తగ్గలేదు. వెనక బెంచీల్లో ఎవరో, "బావిల పడ్డరా ఏంది?" అన్నారు. ఇక నవ్వులు ఆగలేదు. ముందు నిలబడి పాడుతున్న అమ్మాయి కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను వెన్ను వాల్చకుండా చివరిదాకా కూర్చున్నాను. ఆ నవ్వు నాకు బాగానే ఉంది, అబద్ధం చెప్పను.

మర్నాడు పాటలు నేర్పే మాస్టారు, ఇద్దరు చర్చి పెద్దలు ప్రెస్సుకు వచ్చారు. మాస్టారి చేతిలో మా పత్రిక.

"ఏంది దొరా గిది? నా చెవికి తేడ కొట్టింది. పత్రికల తప్పు వడదని గట్లనే నేర్పిన. నా చెవి కన్న మీ అచ్చునే నమ్మిన."

"అచ్చు తప్పు. కంపోజిటర్‌ది," అన్నాను.

వాడు అక్షరాల అరల ముందు నిలబడి ఉన్నాడు. మాస్టారు వాడివైపు తిరిగారు.

"మన పిల్లలనే నవ్వులపాలు చేసినవ్. నీ బిడ్డ గుడ అండ్లనే ఉన్నది గదనే!"

ముందు నిలబడి పాడిన అమ్మాయి వాడి కూతురని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా నేను మాట మార్చలేదు. వాడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత, "అవ్. నాదే తప్పు," అన్నాడు.

వాళ్లు వెళ్లాక కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు.

"ముప్పై ఏండ్లల్ల ఒక్క చుక్క తప్పలే దొరా నాకు. గివి గుడ తప్పలే. మీరు యాడ పెట్టుమన్నరో ఆడనే పెట్టిన."

ఆ తర్వాత పనిలోకి రాలేదు. నేను కబురు పెట్టలేదు. మా ఇంట్లో ఎవరూ కబురు పెట్టి ఎరగరు.

పది రోజులకు పినపాక పంతులు దగ్గర నుంచి కార్డు వచ్చింది. "మీరు ఎర్ర సిరాతో దిద్దిన ప్రతి నా దగ్గర ఉంది. దిద్దనిది మాస్టారి దగ్గర ఉంది. ఇద్దరం పక్కపక్కన పెట్టి చూశాం. ఇకమీదట నాకు పత్రిక పంపవద్దు." ఆ కార్డులో ఉన్న సంగతి నా కంటే ముందే ఊళ్లు తిరిగింది. చర్చిలతో ఆగలేదు, భజన మండళ్లూ మానేశాయి. హార్మోనియం నేర్పేవాళ్లు, "ఆ స్వరాలు నమ్మి పిల్లలకు నేర్పలేం," అని మొహం మీదే చెప్పారు. కొత్తగూడెంలో కంప్యూటర్ మీద రెండు సంచికలు చేయించాను. చుక్కలు ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. వచ్చిన కట్టలు వచ్చినట్టే ఇంట్లో ఉండిపోయాయి.

సీడీల వల్ల, సెల్‌ఫోన్ల వల్ల పత్రిక పోయిందని ఇప్పటికీ నన్ను ఓదార్చేవాళ్లున్నారు. నేను వాళ్లను సరిదిద్దను.

ఆ వానాకాలం అచ్చుయంత్రం పాత ఇనుము వాళ్లు పట్టుకెళ్లారు. సీసం అక్షరాలు మొత్తం బ్యాటరీలు బాగుచేసే దుకాణానికి అమ్మాను.