పిన్నికి చెప్పిన వాన కబురు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

విజయవాడలో వాతావరణ సూచనలు తయారుచేసే చోట నా ఉద్యోగం. మేఘాల చిత్రాలు, గాలి పీడనం, తేమ, సముద్రం మీద గాలి ఎటు తిరుగుతోందో చూసి రేపేమవుతుందో అంచనా వేస్తాం. అంచనాయే, జోస్యం కాదు. రేపటి సంగతి చాలావరకు చెప్పగలం. ఐదో రోజు సంగతికొచ్చేసరికి తడబడతాం. ఈ తేడా మా సుగుణ పిన్నికి ఎన్నడూ పట్టలేదు. మావాడు చెప్పాడంటే చెప్పినట్టే అనేది.

ఆమె మా అమ్మ చెల్లెలు. పామర్రు దగ్గర పల్లె. బాబాయి పోయాక నాలుగెకరాల సేద్యం తానే చేయించుకుంటోంది. ఏటా కోతల ముందు నాకు ఫోన్ చేసేది. కోసిన వరి పనలు రెండు మూడు రోజులు చేలోనే ఎండాలి, అప్పుడు వాన పడకూడదు. ఆమె అడిగేది అంతే. దానికి ముందు మాత్రం పావుగంట సేపు నేను వేళకు తింటున్నానో లేదో అడిగేది.

ఆ రోజు నాకు సెలవు. కొత్తగా పెళ్లయింది. పటమటలో అత్తవారింట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా ఫోన్ మోగింది.

"నాన్నా, రేపు కోతకి మనుషులొస్తామన్నారు. సముద్రంలో వాయుగుండం ఉందని టీవీలో అంటున్నారు. కోయించమంటావా, ఆగమంటావా?"

మామగారు తినడం ఆపి వింటున్నారు. "కనుక్కుని చెప్తాను పిన్నీ" అంటే సరిపోయేది. ఆఫీసుకు ఒక్క ఫోన్. కానీ ఈ అల్లుడు ఎవరినో అడిగి తెలుసుకునే మనిషి కాదని అక్కడ అందరికీ చూపించుకోవాలనిపించింది.

"టీవీ వాళ్ల మాటలకేం పిన్నీ! అది ఒడిశా వైపు పోతుంది. నేను చెప్తున్నాగా, కోయించెయ్."

అంతకు రెండు రోజుల ముందు నేను చూసినప్పుడు అది అటే పోతోంది. కానీ ఆ పొద్దున్నే మనవైపు తిరిగిందట. మా ఆఫీసు హెచ్చరిక కూడా పంపింది. నేను చూడలేదు.

మూడు రోజులు కురిసింది. నేను వెళ్లేసరికి పనలు నీళ్లలో ఉన్నాయి, గింజ మొలకెత్తింది. పిన్ని మోకాళ్ల దాకా బురదతో గట్టు మీద నిలబడి ఉంది. అప్పుడైనా నిజం చెప్పానా?

"రాత్రికి రాత్రే దారి మార్చుకుంది పిన్నీ. ఎవరికీ తెలియలేదు."

"పోనీలే నాన్నా, మబ్బు నీ చెప్పుచేతల్లో ఉంటుందా ఏంటి? కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందువుగాని."

ఆ అన్నం తిన్నాను. ఎలా తిన్నానో ఇప్పటికీ తెలియదు.

అక్కడితో ఆగి ఉంటే వేరు. కొన్నాళ్లకు తెలిసింది, పిన్ని ఊళ్లో ఏం చెప్పుకుందో. "మావాడు వద్దనే అన్నాడు. నేనే మొండికేసి కోయించాను" అందట. నా మాట మీద ఊరి రైతులకు నమ్మకం పోకూడదని. అప్పటి నుంచి కోతలు వచ్చాయంటే ఆమె మీద ఒక హాస్యం. ఇంట్లో వాతావరణం చెప్పే మనిషిని పెట్టుకుని వినని మనిషట. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వుతుంది.

ఆ ఏడాది నుంచి, ఎవరడిగినా చూడకుండా చెప్పను. తెలియకపోతే తెలియదంటాను. దీన్ని ప్రాయశ్చిత్తం అనుకోవాలని చాలాసార్లు చూశాను. కాదు. నేను జాగ్రత్త నేర్చుకున్నాను, నింద ఆమె మోస్తోంది.

మొన్న కోతలప్పుడు వెళ్తే పక్కచేను ఆయన నా ముందే ఆ హాస్యమే ఆడాడు. పిన్ని నా గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది. ఆయనకు బదులు చెప్పడానికి నోరు తెరిచాను. మజ్జిగ బాగుందన్నాను.

పిన్ని నా మాట విన్నది. విన్నందుకే ఆ పంట పోయింది. ఈ రెండు ముక్కలు ఆ ఊళ్లో చెప్పగలనో లేదో తెలియదు. ఇక్కడ మాత్రం రాశాను.