పిల్లి గొంతు

దోహాలో మా క్యాంపులో శుక్రవారం సాయంత్రం మెస్ గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా వేసేవారు. ఆ రోజు హిందీ సినిమాకు ముందు ఒక చిన్న బొమ్మల సినిమా పడింది. పంజరంలో పిట్ట, కింద ఆకలిగొన్న పిల్లి. పిల్లి రంగు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఎక్కుతోంది. ఇంకొక్క డబ్బా తక్కువైతే పిట్టే రెక్క చాపి మర్యాదగా అందించింది. అంతే, గుట్టంతా కూలింది! రోజూ పరంజాల మీద పనిచేసేవాళ్లం కదా, క్యాంపు మొత్తం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"పరంజ అట్ల కడితే ఫోర్‌మన్ ఊకుంటడా!" అని ఎవరో అరిచారు.

నాకు మాత్రం నా బిడ్డ గుర్తొచ్చింది. నేను ఖతార్ వచ్చాక పుట్టింది. మూడేళ్లు నిండుతున్నా ఇంకా చూడలేదు. ఇంట్లో ఎవరికీ చదువు రాదు కనుక అందరిలాగే నేనూ మాటలు క్యాసెట్‌లో నింపి, సెలవు మీద వెళ్లేవాళ్లతో పంపేవాణ్ణి. నా గొంతు వినగానే పిల్ల ఏడుస్తోందని భార్య చెప్పినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఈ కథ చెబితే ఎందుకు వినదు! మర్నాడు డ్యూటీ దిగగానే టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాను. కిచకిచమనే పిట్టను నేను. పిల్లి మా గదిలోని గోదావరి జిల్లా ప్లంబర్. డబ్బాలు కూలే చోట పళ్లేలన్నీ ఒక్కసారే కింద పడేశాం. పక్క గదివాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

నెలన్నరకు జవాబు క్యాసెట్ వచ్చింది. ప్లంబరే టేప్ రికార్డర్ బటన్ నొక్కాడు.

"రోజు గదే పెట్టుమంటాంది," అంది నా భార్య. వెంటనే, నాతో మొట్టమొదటిసారి, నా బిడ్డ మాట్లాడింది! "బాపూ, మల్లోసారి మ్యావ్ అను బాపూ!"

గదంతా గొల్లున నవ్వింది. నాకు ఒళ్లు మండింది. దానికి మ్యావ్ అన్నవాడే తండ్రి! అన్నేళ్ల నా ఎదురుచూపు ఎగరేసుకుపోయాడు ఈ ప్లంబర్.

"నవ్వకయ్యా!" అని అరిచాను.

అతను నవ్వు ఆపేసి, నా పక్కన కూర్చున్నాడు. "కోపమెందుకండీ? మీరే నేర్చేసుకోండి. గొంతులోంచి కాదండీ, కడుపులోంచి రావాలి."

వారమంతా సైట్‌కు వెళ్లే బస్సులో కూడా సాధన చేశాను. పఠాన్ డ్రైవర్ "యల్లా బిల్లీ, ఉతరో!" అని, పద పిల్లీ దిగు అంటూ దింపేవాడు. ఆ తర్వాత పంపిన ప్రతి క్యాసెట్‌లో పిల్లి నేనే.

సెలవు దొరికి ఇంటికి చేరినప్పుడు పిల్ల తలుపు వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. నెత్తి మీది పెట్టె దించకుండానే, కడుపులోంచి, "మ్యావ్" అన్నాను.

తలుపు వెనకనుంచి సన్నగా కిచకిచ వినిపించింది.