మూడింటికి పెరిగే వేగం

మా సారు పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. "నిద్రలోనే పోయినారు పాపా," అన్నాడు ఆయన తమ్ముడు. వడమాలపేటలో ఇంటర్నెట్ ఆఫీసు పెట్టి, నాకు పని నేర్పిన మనిషి సారు. ఈరోజు నేను తినే అన్నం ఆయన చలవే.

ఏ ఇంట్లో మోడెం వెలిగినా ముందు మా సర్వరును అడుగుతుంది. వీళ్ళెవరు, వీళ్ళకెంత వేగం ఇవ్వాలి అన్నది సర్వరే తేలుస్తుంది. లైను తెంపకుండా, నడుస్తుండగానే ఆ వేగాన్ని మార్చనూ వచ్చు. అందులో సారు ఘటికుడు. అయినా మార్చిన ప్రతిసారీ బండేసుకుని ఆ ఇంటికి పోయి, గడపలో నిలబడి తెర చూసొచ్చేవారు. "సర్వరు అంతా బాగుండాదనే సెప్తాది. నువ్వు పొయ్యి మనిషి మొగం సూడు," అనేవారు. ఆ ఎండలో తిరగాలంటే నాకు ఒళ్ళు మండేది.

స్టేషను వెనక వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. చెవులు వినపడవు, మాట రాదు. సూళ్లూరుపేటలో ఉన్న చెల్లెలిదీ అదే పరిస్థితి. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ వీడియోలో చేతులతో మాట్లాడుకుంటారు. లైను నెమ్మదిస్తే చేతులు మసకబారి సగం మాటలు పోయేవి. "మన గొంతు గరగరమన్నా అర్థమవుతాది. వాళ్ళకు సేతి యేళ్ళు కనపడకపోతే మాటే లేదు గదా," అని సారు సరిగ్గా మూడింటికి తన లాగిన్‌తో, తన చేత్తో, ఆ ఇంటి వేగం పెంచేవారు. తర్వాత అలవాటుగా ఆ గడపకు పోయేవారు. తెరలోంచి చెల్లెలు ఆయనకు నమస్కారం పెట్టేది.

ఆ సోమవారం మూడింటికి కూడా ఆయన లాగిన్ నుంచి ఆదేశం వెళ్ళినట్టు సర్వరులో కనపడింది. అప్పటికి ఆయన్ని ఇంటిముందు పడుకోబెట్టి ఉన్నారు. మంగళవారమూ వెళ్ళింది. ఆయన కంప్యూటరు ఆపేసే ఉంది. దానంతటదే నడిచే రూలేదైనా రాసి పెట్టారేమోనని గాలించాను, దొరకలేదు. నిజం చెప్తున్నాను, నాకు భయమేసింది.

బుధవారం తమ్ముడు, "అన్న లాగిన్ తీసెయ్ పాపా, అది సూస్తాంటే నాకు వొణుకొస్తాండాది," అన్నాడు. తీసేశాను. ఆ ఇంటికి నా పేరుతో కొత్త రూలు రాసి, ఎవరూ చెప్పకుండానే బండి తీశాను.

గడప దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. రూలు రాస్తే చాలదు, మోడెం మళ్ళీ లాగినయినప్పుడే అది పట్టుకుంటుంది. నడుస్తున్న లైనుకు విడిగా ఆదేశం పంపాలి. నేను పంపలేదు, తిరిగి ఆఫీసుకు పోయేంత టైమూ లేదు. సారు నన్ను వందసార్లు తిట్టిన తప్పే చేశాను. లోపలికి పోతే అక్క కళ్ళు వాచి ఉన్నాయి. సారు పోయిన సంగతి రెండు రోజులుగా చెల్లెలికి చెప్పలేకపోయిందట. ఇప్పుడు చెప్తానని నాకు సైగ చేసింది. ఈ ఒక్కరోజూ చేతులు చెదరకూడదు దేవుడా అనుకున్నాను.

మూడయింది. చెల్లెలి గాజులు లెక్కపెట్టేంత స్పష్టంగా బొమ్మ తేలింది. అక్క చెప్పడానికి చేతులెత్తింది.

చెల్లెలు ఆమెను చూడలేదు. నా భుజం మీదుగా గడపవైపు చూసి, నవ్వి, నమస్కారం పెట్టింది. అక్క చేతులు గాల్లోనే ఆగిపోయాయి.