భ్రమరాంబ కాచిన నీళ్లు

సింగపూరు టోవా పాయోలో భ్రమరాంబ వంటకి వంక పెట్టినవాళ్లు లేరు. రెండువేల సంవత్సరం దగ్గరపడుతుండగా కంప్యూటరు ఉద్యోగాలు గంపలకొద్దీ పుట్టిన ఆ రోజుల్లో, ఎనిమిదిమంది తెలుగు కుర్రాళ్లు రెండు పూటలా ఆవిడ చేతి అన్నమే తినేవారు. భర్త పోయాక ఆవిడకి బతుకుతెరువూ అదే, పరువూ అదే. "అమ్మ తర్వాత మీరే ఆంటీ" అని మొదట అన్నది కాకినాడ శశికాంత్. ఆ మాటకే పొంగిపోయి వాడికి గడ్డపెరుగు వేరే తీసి ఉంచేది. పిచ్చి తల్లి.

ఆ శశికాంత్ చెల్లెలి నిశ్చితార్థానికి ఇంటికి వెళ్లి పదిరోజులుండి వచ్చాడు. మూడో వారానికి కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగట విరేచనాలు. ఈమధ్య విదేశాలేమైనా వెళ్లారా అని క్లినిక్కులో డాక్టరు అడిగితే లేదన్నాడు. సొంతింటికి వెళ్లడం విదేశయానం ఎలా అవుతుంది మరి? బ్యాంకాక్‌లో పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడిన పెద్దమనిషి, ఇంటి దగ్గర సీసా కొంటే అమ్మ నొచ్చుకుంటుందని కుండ నీళ్లు ముంచుకుని తాగాడు. అయితే భోజనం ఎక్కడ అన్నాడు డాక్టరు. భ్రమరాంబ పేరు చెప్పాడు. ఆ తిండి వల్లే అయి ఉంటుందన్న డాక్టరు మాట మిగతా ఏడుగురికీ పాకింది.

వారం తిరిగేసరికి ఎనిమిది క్యారియర్లూ బెడోక్ పేటలో మరో వంటావిడ ఇంటికి మారాయి. ఎందుకో చెప్పి మానినవాడు ఒక్కడూ లేడు. ఆనోటా ఈనోటా విషయం తెలిశాక ఆవిడ నీళ్లు రెండుసార్లు కాచింది, గిన్నెలన్నీ మరగబెట్టింది. చివరికి సిగ్గు చంపుకుని తన మలం పరీక్షకిచ్చి, ఏ పురుగూ లేదన్న కాగితం పట్టుకుని వాళ్ల బ్లాకు లిఫ్టు దగ్గర నిలబడింది. "పర్లేదాంటీ" అంటూ తప్పుకుపోయారు. చెంప మీద కొట్టినా అంత బాధపడేది కాదు.

నొప్పి తగ్గక శశికాంత్ పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడి తమిళ నర్సు ఒక్క ముక్క అడిగింది, ఊరికి ఎప్పుడు వెళ్లొచ్చావని. అమీబా బయటపడింది. మాత్రలతో తేరుకుని, నారింజపళ్లు పట్టుకుని భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చాడు.

"సారీ ఆంటీ. మా ఇంటి వాటర్ వల్లేనంట. రేపట్నుంచి మళ్లీ మీ దగ్గరే తింటాను."

"మిగతా ఏడుగురికీ చెప్పావా?"

వాడు తల వంచుకున్నాడు. "ఎలా చెప్పనాంటీ? మా ఇంటి నీళ్లలో పురుగులున్నాయంటే మా అమ్మ పరువేం కాను?"

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది గానీ, వాడి ముందు ఏడవదల్చుకోలేదు. పళ్లు తీసుకోలేదు. కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసుడు తెచ్చి చేతికిచ్చింది.

"తాగి వెళ్లు నాయనా," అంది. "అమ్మ తర్వాతే కదా నేను."